పిన్నీసు పెట్టిన కుట్టు

మా పిచ్చుకకు,

అక్క దీవెనలు. ఇక్కడ మేమంతా కులాసాగానే ఉన్నాం, అక్కడ నువ్వూ మరిదిగారూ కూడా అలాగే ఉన్నారని తలుస్తాను. 'మేమంతా' అని చెయ్యి అలవాటుకొద్దీ రాసేసింది. అంతా అంటే ఇప్పుడు నేనూ, మీ బావా. ఇద్దరికి అంత పెద్ద మాట ఎందుకని కొట్టేయబోయాను గానీ, మొదటి పంక్తిలోనే కొట్టివేత కనిపిస్తే నువ్వు కంగారుపడతావని వదిలేశాను.

నీ ఉత్తరం అంది పదకొండు రోజులైంది. ఇన్నాళ్ళు జవాబు రాయకుండా కూర్చునేదాన్ని కాదని నీకు తెలుసు. ఫోనులో చెబుదామని రెండుసార్లు నీ నంబరు తీశాను. నీ గొంతు వింటే నేను ఎండల గురించీ వానల గురించీ నాలుగు మాటలు మాట్లాడి పెట్టేస్తాను, నా సంగతి నాకు తెలుసు. కాగితమైతే మధ్యలో "ఏడుస్తున్నావా అక్కా?" అని అడగదు.

ముందు నువ్వడిగినవి ఒక్కొక్కటీ. మీ బావ దగ్గు తగ్గింది. మోకాళ్ళు మాత్రం మెట్లు ఎక్కేటప్పుడు ఆయనకంటే ముందు మూలుగుతున్నాయి. ఇంటివాళ్ళు మెట్లకి రంగు వేయించారు. ఆరకుండానే ఈయన ఎక్కేసి మూడో మెట్టు మీద చెప్పు ముద్ర వేసి వచ్చారు. ఇంటికి ఎవరొచ్చినా అది చూపించి, "మన గుర్తుగా ఏదో ఒకటి ఉండాలి కదా" అంటున్నారు. అమ్మ కళ్ళజోడు నా దగ్గరే ఉంది, ఎవరికీ ఇవ్వలేదు. ఊలు బీరువా అమ్మ గదిలోనే ఉంది, కిటికీ దగ్గర కుర్చీ కూడా కదపలేదు. పక్కింటి టైలరు పిన్ని రోజూ ఒకసారి వచ్చి, ఆ కుర్చీ వంక చూసి, పొయ్యి మీద ఏదో మర్చిపోయినదానిలా వెళ్ళిపోతోంది. బడి స్వెట్టర్ల పని మొదలైంది. ఈ ఏడాది అందరూ "అమ్మగారు అల్లినట్టే ఉండాలి" అని చెప్పి మరీ పురమాయిస్తున్నారు. సరేనంటున్నాను.

ఇక నువ్వడిగిన అసలు సంగతి. "అమ్మ చివరగా అల్లిన ఆ చిన్న ఊలు చేతిసంచి నాకు పంపించు అక్కా. పూర్తి చెయ్యకు. సూదులతో సహా ఎలా ఉన్నది అలాగే పంపు. అమ్మ చెయ్యి తగిలిన ఆఖరి వస్తువు అదే" అని రాశావు. అక్కడితో ఆగి ఉంటే ఈపాటికి పొట్లం కట్టి పంపేసేదాన్నేమో. నువ్వు ఆగలేదు. "అమ్మని నువ్వు కళ్ళల్లో పెట్టుకుని చూసుకున్నావు. నేనే పాపిష్టిదాన్ని. నువ్వు ఫోటో పంపినప్పుడు, ఇంత చక్కగా అల్లుతోందంటే అమ్మకేం ఫర్వాలేదులే అనుకుని సెలవు వెనక్కి జరుపుకున్నాను. అమ్మ నన్ను గుర్తుపట్టే రోజులన్నీ అలా చేజార్చుకున్నాను. ఈ తప్పు బతికినన్నాళ్ళూ మోయాల్సిందే" అని కూడా రాశావు.

ఆ తప్పు నీది కాదు. ఎవరిదో చెప్పడానికే ఈ ఉత్తరం. మధ్యలో పేజీలు తిప్పి చివర ఏముందో చూడకు. చిన్నప్పుడు కథల పుస్తకాలు అలాగే చదివి, మిగతా వాళ్ళకి కథ ముందే చెప్పేసేదానివి.

నీకు గుర్తుండే ఉంటుంది, ఆసుపత్రి డ్యూటీకి వెళ్ళేటప్పుడు తగిలించుకునే నీ సంచి పట్టీ తెగిపోయిందని ఒక ఉత్తరంలో రాశావు. నువ్వేదో మాటవరసకి రాశావు. అమ్మ అది పట్టుకుంది. అప్పటికే పొద్దున తిన్నది మధ్యాహ్నానికి గుర్తుండడం లేదు, మీ బావని ఒకపూట కరెంటు మీటరు చూసే మనిషనుకుని మీటరు ఎక్కడుందో చూపించింది కూడా. కానీ నీ సంచి పట్టీ తెగిందన్న మాట మాత్రం మర్చిపోలేదు. తనే బీరువా తీసి, నేరేడుపండు రంగు ఊలు ఉండలు రెండు ఏరుకుని, "చిన్నదానికి సంచి. ఆవగింజల అల్లిక వేస్తా. పదిమంది నర్సుల మధ్య పట్టుకు తిరుగుతుంది, ఎవరిదని అడుగుతారు" అంది.

ఆవగింజల అల్లిక నీకు జ్ఞాపకముందో లేదో. సూటి కుట్టు ఒకటి, తిరగ కుట్టు ఒకటి. పై వరసలో సూటి మీద తిరగ, తిరగ మీద సూటి. అలా వేస్తూపోతే బట్ట మీద ఆవాలు చల్లినట్టు గరుగ్గా వస్తుంది, సాగిపోదు, సంచికి గట్టిగా ఉంటుంది. బేసి సంఖ్య వేసుకుంటే ప్రతి వరసా సూటితోనే మొదలవుతుంది గనక ఎక్కడున్నామో గుర్తుపెట్టుకోనక్కర్లేదు. అమ్మకిప్పుడు ఇంతకంటే సుళువైనది లేదని నేనే సంబరపడ్డాను. ముప్పై మూడు కుట్లు వేసుకోమన్నాను. వేసుకుంది. పక్కనే కూర్చుని నా పని నేను చేసుకుంటూ, అమ్మ సూదుల చప్పుడు వింటుంటే, అబద్ధం ఎందుకు, జబ్బు వట్టిదే అనిపించింది.

మధ్యాహ్నం అమ్మ నిద్రపోయాక తీసి చూశాను. ముప్పై మూడు కాదు, ముప్పై ఆరు వేసింది. సరి సంఖ్య కదా, గింజలు రాలేదు, నిలువు గీతలు వచ్చాయి. మధ్యమధ్యలో ఏదీ కాకుండా పోయింది. రెండు చోట్ల కుట్లు జారి బొక్కలు పడ్డాయి. నలభై ఏళ్ళు ఊరందరికీ స్వెట్టర్లు అల్లిన మనిషి, స్వెట్టరు చంక దగ్గర కళ్ళు మూసుకుని కుట్లు తగ్గించుకుంటూ పోయిన మనిషి. అమ్మ మంచం వంక ఒకసారి చూసి, సూదులు లాగేశాను. మొత్తం విప్పేశాను. మొదటి వరసతో సహా విప్పి, ముప్పై మూడు నేను వేసి, అమ్మ ఎంతవరకూ అల్లిందో అంతవరకూ నేను అల్లి, సూదులు ఎలా పెట్టిందో అలాగే పెట్టి, బుట్టలో పడేశాను. అమ్మ లేచి చూసుకుని, "బాగానే వచ్చిందే" అంది. నేను, "మరి నీ చెయ్యా మజాకానా" అన్నాను.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. అమ్మ పొద్దున రెండు మూడు వరసలు అల్లేది, మధ్యాహ్నం నేను వాటిని విప్పి తిరిగి అల్లేదాన్ని. మొదట్లో నాకు నేను చెప్పుకున్నదేమిటంటే, అమ్మ పరువు నిలబెడుతున్నానని. మనింట్లో కట్టుబాటు నీకు తెలుసు కదా. తప్పు కనిపించాక దాని మీద ఇంకో వరస వేయకూడదు. తప్పున్న పని గుమ్మం దాటకూడదు. అమ్మ పెట్టిన కట్టుబాటే అమ్మ కోసం నడుపుతున్నాననుకున్నాను. కానీ అది సగమే. మిగతా సగం చెబుతాను. ఆ తప్పులు నేను చూడలేకపోయాను. కుట్టు కుట్టుకీ అమ్మ ఎంత దూరం పోయిందో లెక్కకట్టి చూపిస్తున్నట్టుండేది. విప్పేస్తే ఆ జబ్బు కూడా లేనట్టే అనిపించేది. సాయంత్రం ఆ నున్నటి గింజల వరసలు చూసుకుని, అమ్మ ఇంకా ఉంది, పోలేదు అనుకునేదాన్ని. నా అల్లిక చూసి నేనే మోసపోయేదాన్ని.

ఆ రోజుల్లోనే నీకు ఫోటో తీసి పంపాను. అమ్మ ఒళ్ళో సంచి, చేతుల్లో సూదులు, అరచెయ్యంత అల్లిక, ఒక్క గింజ తప్పు లేదు. "అమ్మ చెయ్యి అమ్మ చెయ్యే! చూడగానే ఏడుపొచ్చింది" అని నువ్వు జవాబిచ్చావు. సెలవు రెండు నెలలు వెనక్కి జరుపుకుంటున్నానని ఆ తర్వాతి ఉత్తరంలో రాశావు. చదివాను. పిచ్చుకా, నేను ఆ ఉత్తరం చదివాను. వెంటనే 'వద్దు, ఇప్పుడే రా, ఫోటోలో అల్లిక నాది' అని ఒక్క ముక్క రాస్తే సరిపోయేది. 'సరే, నీ వీలు చూసుకుని రా' అని రాశాను. నువ్వు మోస్తున్నది ఆ ముక్క బరువే. అది నాది, ఇటిచ్చెయ్.

ఇక్కడితో అయిపోలేదు. ఇంతకంటే పెద్దది ఉంది. అది రాయడానికే పదకొండు రోజులు పట్టింది.

ఒకరోజు పొద్దున అమ్మ సంచి ఒళ్ళో పెట్టుకుని, అల్లకుండా, బొటనవేలితో రుద్దుతూ కూర్చుంది. నేను కాలరు అల్లుతున్నాను. మీ బావ తలుపు దగ్గర నిలబడి పేపరు చదువుతున్నారు.

"ఎవరో నా అల్లిక ముట్టుకుంటున్నారే" అంది.

"ఎవరు ముట్టుకుంటారమ్మా? మనింట్లో ఎవరున్నారు?"

"ఏమో. ఇది బిగుతుగా ఉంది. నా చెయ్యి ఇంత బిగువు కాదు."

ఆ మాట నిజం. అమ్మది వదులు చెయ్యి, నాది బిగుతు చెయ్యి. అందుకే ఒక స్వెట్టరు ఇద్దరం కలిసి ఎప్పుడూ అల్లలేదు, ఒక చెయ్యి వదులుగా, ఒక చెయ్యి బిగుతుగా వస్తుందని. మనిషి పేరు మర్చిపోయినంత మాత్రాన, వేలికి తగిలే బిగువు కూడా మర్చిపోతుందని నేనెలా అనుకున్నానో నాకే తెలీదు. అప్పుడే చెప్పేయాల్సింది. "అవునమ్మా, నేనే సరిచేశాను" అంటే ఏమయ్యేది? ఒకపూట అలిగేది, మధ్యాహ్నానికి మర్చిపోయేది. కానీ దొంగతనం బయటపడినట్టు నాకు ఒళ్ళు మండింది.

"నీదేనమ్మా. నువ్వే అల్లావు. మర్చిపోయి ఉంటావు" అన్నాను.

"ఉండు, చూపిస్తా" అని అమ్మ సూదులు అందుకుంది. పెదవులు కదుపుతూ, లెక్కపెట్టుకుంటూ, ఒక్కొక్క కుట్టూ వేసింది. ఎంతసేపు పట్టిందో! పదిహేడు కుట్లు వేసింది. ఆగి, వాటి మీద వేలు పెట్టింది. "ఇదిగో, ఇది నాది. దీని కిందది నాది కాదు. నువ్వే చూడు" అంది.

చూశాను. అమ్మ చెప్పింది చెప్పినట్టే ఉంది. పైన వదులుగా పదిహేడు, కింద బిగుతుగా ముప్పై మూడు. పుట్టినరోజు ఎప్పుడంటే చెప్పలేని మనిషి, ఇంటి నంబరు మర్చిపోయిన మనిషి, ఆ ఒక్క విషయంలో పొల్లు పోకుండా ఒప్పు చెప్పింది. నేనేమన్నానో తెలుసా? "రెండూ నీవేనమ్మా. అది నీ చెయ్యి బాగున్నప్పుడు అల్లింది. ఇప్పుడు చెయ్యి వణుకుతోంది, అందుకే తేడా" అన్నాను.

అమ్మ నా మొహంలోకి చూసింది. నన్ను నమ్మింది. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడనిది. కాదని గట్టిగా వాదించి ఉంటే, నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

"అలాగా. నువ్వు చెబితే అంతేలే. అయితే నా చెయ్యి నాకే తెలీడం లేదన్నమాట" అంది. సంచి తీసి నా ఒళ్ళో పెట్టింది. వరస సగంలోనే ఉంది. వరస మధ్యలో సూదులు కింద పెట్టడం అమ్మ జన్మలో ఎరగదు. ఇంటికి ఎవరొచ్చినా, "ఆగండి, వరస అవనీండి" అనే మనిషి కదా.

మీ బావ పేపరు మడిచి బయటికి వెళ్ళిపోయారు. ఆ పూట నాతో కలిసి భోజనానికి కూర్చోలేదు. ఇన్నేళ్ళలో నన్ను ఒక్క మాట అనకుండా అంత గట్టిగా ఎప్పుడూ కోప్పడలేదు.

ఆ తర్వాత అమ్మ సూది పట్టలేదు. కిటికీ దగ్గర కూర్చుని ఉత్తచేతులతో వేళ్ళు కదుపుతుండేది, సూటి ఒకటి, తిరగ ఒకటి. నేను ఊలు ఉండ తెచ్చి, "అమ్మా, నాకు నేర్పవూ?" అని ఎన్నిసార్లు బతిమాలానో. ఒకరోజు నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూసి, మర్యాదగా నవ్వి, "నాకు రాదమ్మా. మా పెద్దమ్మాయికి వచ్చు, దాన్నడగండి. ఒక్క తప్పు ఉండదు దాని పనిలో" అంది. నేను వంటింట్లోకి వెళ్ళి కొళాయి తిప్పి నిలబడ్డాను. ఆ చప్పుడులోనైనా ఏడవొచ్చని.

సూదులు కింద పెట్టిన పది వారాలకి అమ్మ వెళ్ళిపోయింది. మర్నాడు నువ్వు భుజాన సంచితో, తెగిన పట్టీకి ముడేసుకుని, గుమ్మంలోకి వచ్చావు. "చివర్లో అల్లడం ఎందుకు మానేసింది అక్కా?" అని అడిగావు. "చేతులు నొప్పులన్నది" అన్నాను. అమ్మ ఎప్పుడూ అలా అనలేదు. నీకు ఆ రోజు చెప్పిన అబద్ధం అది.

నీ ఉత్తరం వచ్చాక మీ బావకి చదివి వినిపించాను. విని, "సంచి పంపు. కానీ నిజం రాయకుండా మాత్రం పంపకు" అన్నారు. ఆ విషయం మేమిద్దరం మాట్లాడుకోవడం అదే మొదటిసారి.

నీ మొదటి మఫ్లరు గుర్తుందా? నాన్న దాన్ని చేపల వల అనేవాడు. దాంట్లోంచి చెయ్యి దూర్చి అమ్మకి టాటా చెప్పేవాడు. అమ్మ ఆ వల ఒక్క కుట్టు సరిచేయకుండా చలికాలమంతా మెడకి చుట్టుకుని తిరిగింది. నా మొదటి టోపీ మాత్రం ఏడుసార్లు విప్పించింది. కుళ్ళుకుని అడిగితే, "అది మళ్ళీ సూది పట్టదే, దాన్నెందుకు ఏడిపించడం? నువ్వు పట్టేదానివి" అంది. ఆ మాట ఇన్నేళ్ళూ పతకంలా తగిలించుకు తిరిగాను. అమ్మకి చివర్లో నేను టోపీ కట్టుబాటు పెట్టాను. మఫ్లరు కట్టుబాటు పెట్టాల్సింది. ఆ తప్పులతోనే సంచి అల్లించి, బొక్కలతోనే నీకు పంపించాల్సింది. అప్పుడు నువ్వు చూడగానే అర్థం చేసుకుని పరుగెత్తుకు వచ్చేదానివి.

నిన్న సంచిని వెలుతురులో పెట్టి చూశాను. ఆ పదిహేడు కుట్లు అలాగే ఉన్నాయి. ఆ రోజు తర్వాత నేనూ ముట్టుకోలేదు. రెండు చోట్ల సూటి మీద సూటి పడి గింజ రాలేదు. తొమ్మిదో కుట్టు సూది మీద నిలవక జారిపోయింది, ఊలు బొచ్చు పట్టుకుని ఎలాగో ఆగింది. నేను చూస్తుండగానే నా చెయ్యి కొక్కెం సూది అందుకుంది. జారిన కుట్టు ఎత్తి పెట్టడం నాకెంత సేపు? కుట్టు దాకా తీసుకొచ్చి ఆగాను. కొక్కెం పక్కన పెట్టి, ఇంకా కిందికి జారకుండా ఆ కుట్టుకి ఒక పిన్నీసు పెట్టాను. అంతే చేశాను. ఆ మాత్రం చేసినందుకు కూడా కోప్పడతావేమో.

సంచి పొట్లం ఈ ఉత్తరంతోపాటే వస్తుంది. సూది మొనలకి పెన్సిలు రబ్బర్లు గుచ్చాను, దారిలో ఊడకుండా. పిన్నీసు కింద ఉన్నదంతా నేను. దాని వరసలో ఉన్న పదిహేడే అమ్మ. కిందిదంతా నీకు వద్దనుకుంటే ఏం చెయ్యాలో నువ్వే తేల్చుకో. నేనే విప్పేసి, అమ్మవి మాత్రం ఎలాగో దాచి పంపుదామనుకున్నాను గానీ, అడక్కుండా ఇంకెవరి అల్లికా నేను విప్పను. నాతో మాట్లాడాలనిపించకపోతే కొన్నాళ్ళు మాట్లాడకు. మరిదిగారిచేత కులాసా అని ఒక్క ముక్క రాయించు, చాలు.

ఆ వరస అవడానికి ఇంకా పదహారు కుట్లున్నాయి. నువ్వు మళ్ళీ సూది పట్టవని అమ్మ అన్నది. ఎప్పటికైనా పట్టాలనిపిస్తే, అమ్మ ఆగిన చోట మొదలుపెట్టు. ఎలా వచ్చినా సరే, బొక్కలు పడినా సరే, ఇక్కడికి తెచ్చి నాకు చూపించు. మెడకి చుట్టుకోవడానికి వీలుకాదు గానీ, భుజాన తగిలించుకుని వీధి చివరిదాకా వెళ్ళొస్తాను.

ఇట్లు,
ఒక్క తప్పు ఉండదని అమ్మ చెప్పిన
నీ అక్క